బర్రె దగ్గర కూర్చుంటే బుర్ర ఎందుకు తేలికవుతుంది?

ఈరోజు ఎపిసోడ్ కంభంలో మా కొట్టం పక్కన కూర్చుని చేస్తున్నాను. వెనకాల ఏదో సౌండ్ వస్తే మైక్ పాడైందనుకోకండి. మా బర్రె నెమరేస్తోంది.

చాలామంది అడుగుతున్నారు, బ్రో, సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలేసి ఊరికెందుకు వచ్చావ్ అని. నిజానికి జాబ్ వదలకముందే ఊరికొచ్చాను. 2021లో వర్క్ ఫ్రమ్ హోమ్. నాది ప్రొడక్షన్ సపోర్ట్, అంటే రాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ మోగుతుంది, లేవాలి. కొన్నాళ్లకి ఫోన్ మోగకపోయినా మోగినట్టు అనిపించి లేచేవాణ్ణి. గుండె దడ. పడుకుంటే నిద్ర రాదు, లేస్తే పని జరగదు. డాక్టర్‌కి చూపించుకున్నాను, యాంగ్జైటీ అన్నారు, మందులు రాశారు, వాడాను. ఇది ముందే చెప్తున్నా, ఎందుకంటే రేపు ఎవరో ఈ వీడియో నుంచి ముప్పై సెకన్లు కట్ చేసి 'మందులు మానేసి బర్రెను కొనండి' అని రీల్ పెడతారు. నేను అలా అనట్లేదు.

అదే టైమ్‌లో మా అవ్వ వాకిట్లో జారిపడింది, మణికట్టు విరిగింది. అమ్మానాన్న ఊళ్లో లేరు. పాలు ఎవరు పిండాలి? బీటెక్ చదివిన నేను!

మొదటిరోజు దూడను వదిలాను, కాసేపు కుడిచాక పక్కకి లాగి కట్టేశాను, చెంబు పట్టుకుని కూర్చున్నాను. అరగంట. పావు లీటర్ కూడా రాలేదు. పైగా చెంబును ఒక్క తన్ను తన్నింది. మంచం మీద నుంచి అవ్వ అంటోంది: "రేయ్ అబ్బయ్యా, నువ్వు తొందరపడతా ఉండావు. అది దానికి తెలస్తా ఉంది. చేపలేదు ఇంకా."

చేపడం అంటే తెలుసా? పాలు పొదుగులోకి దిగడం. తర్వాత చదివితే అర్థమైంది, అవ్వ చెప్పింది పక్కా సైన్స్. దూడ కుడిచినా, పొదుగు మీద చెయ్యి వేసి నిమిరినా, బర్రె మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రిలీజ్ అవుతుంది. అది రక్తంలో పొదుగు దాకా వచ్చి, లోపల ఉన్న పాలను కిందికి నెడుతుంది. ఆవుకైతే ముందే కిందికి దిగి ఉండే పాలు కొంచెం ఉంటాయి, బర్రెకి చాలా తక్కువ. కాబట్టి చేపితేనే పాలు. భయపడినా, కొత్త మనిషిని చూసి బెదిరినా అడ్రినలిన్ వస్తుంది, చేపు ఆగిపోతుంది. అంటే నేను రాత్రంతా మోసిన ఆ దడే పొద్దున బర్రెను కూడా ఆపేస్తోంది!

ఇక దారి లేక ఫోన్ ఇంట్లో పెట్టి రావడం మొదలుపెట్టాను. ముందు దాని మెడ గోకడం, కాస్త తవుడు పెట్టడం, ఆ తర్వాత కూర్చోవడం. రెండో వారంలో ఒకరోజు దానంతటదే చేపింది. చెంబులో నురగ. నాకు నవ్వొచ్చింది. ఆ నెలలో మొదటిసారి ఆరు గంటలు నిద్రపోయాను. మందుల వల్లా, బర్రె వల్లా, పొద్దున నాలుగున్నరకి లేవడం వల్లా? విడదీసి చెప్పలేను. అన్నీ కలిసే అయ్యుంటాయి.

బయట దీని మీద పరిశోధనలు చాలా ఉన్నాయి. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే సైకాలజిస్ట్, ఎవరితో కలవని ఒక పిల్లాడు తన కుక్క జింగిల్స్‌తో చనువుగా ఉండటం గమనించి, 1960ల్లో దాని గురించి రాశాడు. నాకు బాగా నచ్చింది 2019లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చేసింది. 249 మంది స్టూడెంట్స్‌ని గ్రూపులుగా చేశారు. కొందరు పది నిమిషాలు కుక్కల్నీ పిల్లుల్నీ ముట్టుకుని ఆడారు. కొందరు పక్కన నిలబడి చూశారు, కొందరు వాటి ఫొటోలు చూశారు. లాలాజలంలో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ కొలిస్తే, ముట్టుకున్న వాళ్లలోనే మిగతా అందరికంటే తక్కువ ఉంది. అంటే రాత్రి రెండింటికి పడుకుని చూసే పిల్లి రీల్స్ ఈ లెక్కలోకి రావు ఫ్రెండ్స్, సారీ.

కానీ ఒక విషయం దాచకూడదు. జాబ్ మానేసిన తర్వాతి ఎండాకాలం ఇదే బర్రెకి పొదుగువాపు వచ్చింది. పది రోజులు పాలు లేవు, జొన్న చొప్ప రేటు చూస్తే కళ్లు తిరిగాయి. మళ్లీ నిద్ర పోయింది. అప్పుడర్థమైంది, జీతం వస్తున్నంతకాలం నాకు బర్రె మందులా పనిచేసింది, జీతం ఆగాక అదే టెన్షన్. మా ప్రాంతంలో వానలు లేని ఏడాది ఆడవాళ్లు పాలడబ్బుతోనే ఇల్లు నడుపుతారు. వాళ్ల దగ్గరికెళ్లి 'పశువులతో ఉంటే ఎంత ప్రశాంతమో' అంటే కసవు చీపురు తిరగేస్తారు. అవ్వని అడిగాను, నీకు దీని దగ్గర హాయిగా ఉంటదా అని. "హాయేందిరా? దానికి ఆకలైతే నాకు మెలకువ వస్తది" అంది. అంతే.

సాయంత్రం వీలైతే దాన్ని కంభం చెరువు వైపు తోలుకెళ్తాను. గుండ్లకమ్మకి అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపొచ్చింది. టూరిస్టులు కట్ట మీద సెల్ఫీలు తీసుకుంటుంటారు. మా బర్రె మాత్రం నీళ్లలో మెడ దాకా దిగి కళ్లు మూసుకుంటుంది. ఆ అరగంట నేనూ గట్టున ఊరికే కూర్చుంటాను.

మీకు బర్రె లేకపోవచ్చు. హాస్టల్ గేటు దగ్గర రోజూ కనిపించే కుక్క ఉంటుంది కదా, ముందు దానికి నీళ్లు పెట్టండి. దగ్గరకొస్తేనే ముట్టుకోండి. కరిస్తే మాత్రం వెంటనే సబ్బుతో బాగా కడిగి ఆస్పత్రికి వెళ్లండి, ఆలస్యం వద్దు. మనసు బాగా బరువుగా ఉంటే 14416కి కాల్ చేయండి, టెలిమానస్, ఫ్రీ. తెలుగులోనే మాట్లాడతారు.

అవ్వ మణికట్టు ఎప్పుడో నయమైంది. పాలు మాత్రం ఇంకా నేనే పిండుతున్నా, నాకంటే ఇప్పటికీ ఆవిడకే ఎక్కువొస్తాయి అది వేరే విషయం. సరే, దూడ అరుస్తోంది, టైమైంది. కెమెరా ఆపేస్తున్నా.