బొగ్గుబండి, చమురునౌక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



చమురు కొరకు పెద్ద రాజ్యములు నడపు రాజకీయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. గ్రామపు లెక్కలు వ్రాయువానికి యుద్ధముల సంగతి యేమి తెలియునని మీరనుకొనవచ్చును. జమ ఎవరి పేర పడినది, ఖర్చు ఎవరి పేర పడినది అని చూచుటయే నా వృత్తి. యుద్ధమును గూడ నట్లే చూచెదను.

ముందు మన ముంగిలి చూతము. జనగామ, మహబూబాబాదుల మీదుగా పోవు రైలుమార్గము 1889 నాటికి బెజవాడ చేరెను. అది ఈ దారి పట్టుటకు సింగరేణి బొగ్గు ఒక ప్రధాన కారణము. డోర్నకల్లు వద్ద చీలి ఇల్లెందు వైపు పోయిన కొమ్మమార్గమే అందుకు సాక్ష్యము. భూపాలపల్లి గనుల నెరిగిన మీకు ఇంతకంటె వివరింప నక్కరలేదు.

బ్రిటిషు నౌకాదళము ఒకప్పుడు వేల్సు బొగ్గుతో నడిచెడిది. అది వారి భూమిలోని బొగ్గు. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు, చర్చిలు నౌకాదళ మంత్రిగా నున్నప్పుడు, యుద్ధనౌకలను చమురునకు మార్చిరి. వేగము హెచ్చెను గాని చమురు పర్షియాలో నున్నది! కథ ఇచ్చటనే మలుపు తిరిగినది. తమ ఓడలు పరుల భూమిలోని చమురుతో నడువవలసి వచ్చినప్పుడు, ఆ భూమి గూడ తమ రక్షణలోనిదే యను వాదము పుట్టెను. 1914లో బ్రిటిషు ప్రభుత్వము ఆంగ్లో పర్షియన్ చమురు కంపెనీలో సగమునకు మించిన వాటా కొనెను. ఆ నవంబరులోనే, అబాదాను చమురును కాపాడుట మొదలగు పనులకై, బస్రా ప్రాంతమున దిగిన సేన భారతదేశము నుండి పోయినదే. చమురు పర్షియావారిది, ఓడ ఆంగ్లేయులది, ప్రాణము మనవారిది.

విరాటపర్వము చదివినవారికి ఇది వింత గాదు. కీచకుడు చచ్చెనని వినినంతనే సుశర్మ విరాటుని గోవుల సంగతి దుర్యోధనుని యెదుట నెత్తెను.

ఇక ఇరాను పద్దు చూడుడు. 1940వ దశకము చివర ఆ కంపెనీ వలన ఇరానునకు ముట్టిన దానికంటె, పన్నుల రూపమున బ్రిటనునకు ముట్టినది హెచ్చు. 1951లో ఇరాను చమురును జాతీయము చేసెను; మొసాదిక్ ప్రధాని యయ్యెను. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కుట్ర పన్ని ఆయనను పడద్రోసినవి. నాడు చెప్పిన పేరు కమ్యూనిస్టు భయము. ఆ భయము వట్టి నటన యని నేననను. కాని 1954లో ఏర్పడిన క్రొత్త కూటమిలో అమెరికా కంపెనీలకు నూటికి 40 పాళ్ల వాటా దక్కెను.

1990 ఆగస్టు 2న ఇరాకు కువైటును ఆక్రమించెను. అది ముమ్మాటికి దురాక్రమణమే. అయినను, దురాక్రమణకు లోనైన ప్రతి చిన్న దేశము కొరకు ఐదు లక్షల అమెరికా సేన కదలదు. ఈ యుద్ధపు ఖర్చు మన పేరను గూడ పడినది. కడప, గోదావరి జిల్లాల కూలీలు మొదలుగా లక్షన్నరకు పైబడిన భారతీయులు సర్వము వదలి, చాలవరకు అమ్మాను నుండి విమానములలో, తిరిగి వచ్చిరి. చమురు ధర పెరిగి, అసలే చిక్కులోనున్న దేశమున విదేశీ మారకద్రవ్యము అడుగంటెను. 1991 జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును విదేశములలో కుదువబెట్టెను. ప్రధాని మన లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావుగారు, పదవికి వచ్చి నెల తిరుగలేదు.

2003 మార్చిలో అమెరికా ఇరాకుపై దండెత్తినప్పుడు చెప్పిన కారణము సామూహిక విధ్వంసకాయుధములు. అవి దొరకలేదు. చమురొక్కటే కారణమనుటయు తొందరపాటే. అయినను గ్రంథాలయ సభలో ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ ఏప్రిలులో బాగ్దాదు పడిపోగానే, చమురు మంత్రిత్వశాఖ భవనమునకు అమెరికా సైనికులు కాపలా కాచిరి. అదే నగరమున, ఆ దినములలోనే, జాతీయ వస్తుప్రదర్శనశాల దోపిడికి గురియైనది. జాతీయ గ్రంథాలయము అగ్నిపాలై, తురుష్క సామ్రాజ్య కాలపు పత్రములెన్నో నశించినవి. దాని వాకిట కాపలా లేకుండెను.