గాలి మాస్కుతో మా రాత్రులు

(షోలాపూర్ సాంచా కార్మికుల ఆదివారం సభలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల గురించి, బోనసు గురించి మాట్లాడడానికి మన పెద్దలున్నారు. ఈ పావుగంట మాకిచ్చింది నిద్ర గురించి చెప్పమని. నవ్వకండి. మీ ముందు నలుగురం నిలబడ్డాం. ఇద్దరం సాంచాల మీద, ఒకరం వార్పింగులో పనిచేస్తాం, నాలుగో ఆమె బీడీలు చుట్టే అక్క. నలుగురం రాత్రిపూట ముఖానికి మాస్కు తగిలించుకొని, దానికి గొట్టం పెట్టుకొని పడుకునేవాళ్ళమే. ఎవరికి ఏది జరిగిందో పేరు పెట్టి చెప్పం. నలుగురి కష్టమూ కలిపి “మేము” అనే చెబుతాం.

మొదట సంగతి ఎలా బయటపడిందో చెప్పాలి. సాంచా ముందు నిలబడే కునికేవాళ్ళం. దారం తెగినా కంటికి ఆనేది కాదు. టవలు బెత్తెడు నేసుకుపోయాక చూసుకునేవాళ్ళం. డ్యామేజీ కింద కూలి కోసుకొన్నారు. ఒక కార్ఖానాలో ముకద్దం నలుగురి ముందు “రాత్రంతా తాగి పొద్దున ఇక్కడికొచ్చి నిద్రపోతాడు” అన్నాడు. ఆ మాట పడ్డ మనిషి జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఇంకొకసారి తూలి పట్టా మీదికే ఒరిగితే పక్క సాంచా తమ్ముడు చొక్కా పట్టి లాగాడు. ఆ రోజు అతడు లేకపోతే ఈ చేయి ఇవాళ మైకు పట్టుకొనేది కాదు.

ఇంట్లో వాళ్ళకు మాత్రం మా గురక ఏనాటి నుంచో తెలుసు. మధ్యలో గురక ఆగిపోతుందనీ, ఊపిరి కూడా ఆగుతుందనీ, కాసేపటికి ఉలిక్కిపడి మళ్ళీ మొదలవుతుందనీ ఇంటావిడ చెబుతూనే ఉండేది. మేమే వినలేదు. పొద్దున్నే తలనొప్పి, రాత్రి మూడుసార్లు ఒంటికి లేవడం, మందు వేసుకొన్నా తగ్గని బీపీ, ఇవన్నీ వయసు అనుకొన్నాం.

డాక్టరు చెప్పింది మాకు అర్థమైనంత వరకు ఇది. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లకు తక్కువ కాకుండా ఊపిరి ఆగితే దాన్ని ఒక లెక్కగా తీసుకుంటారు. ఊపిరి సగానికి పడి రక్తంలో ప్రాణవాయువు తగ్గినా లెక్కే. గంటకు 5 లోపు అయితే మామూలు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. మాలో ఒకరికి 52 వచ్చింది. అంటే నిమిషానికి ఒకసారి మెదడు లేచి గొంతు తెరవవలసి వస్తోందన్న మాట. ఎనిమిది గంటలు పడుకొన్నా నిద్రపోయినట్టు ఎలా ఉంటుంది?

ఇక్కడ ఒక మాట. ఇది పత్తి దూది వల్ల వచ్చే ఛాతీ జబ్బు కాదు. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన రోజున ఛాతీ బిగపట్టే ఆ జబ్బు వేరు, దాని పరీక్ష వేరు, దాని హక్కులు వేరు. ఈ మాస్కు దానికి మందు కాదు. ఒకరికే రెండూ ఉండవచ్చు, అందుకని రెండూ డాక్టరుకు విడివిడిగా చెప్పుకోండి.

ఇక యంత్రం. దీన్ని సీపాప్ అంటారు. ఇంట్లో వాళ్ళు “గ్యాసు పెట్టారు”, “ఆక్సిజన్ మీద ఉన్నాడు” అని ఏడ్చారు. అది ఆక్సిజన్ కాదు. మన గదిలో గాలినే లోపలికి పీల్చి, కొంచెం ఒత్తిడితో మాస్కులోకి పంపుతుంది. ఆ ఒత్తిడికి గొంతు మూసుకోకుండా తెరుచుకొని ఉంటుంది, అంతే. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు తన తోటివారితో కలిసి ఈ పద్ధతిని లోకానికి చెప్పాడు. తొలి రోజుల్లో ఒక్కో రోగి ముక్కుకు అచ్చు పోసి మాస్కు చేసి, రోజూ రాత్రి జిగురుతో అంటించేవారట. మన పట్టీల మాస్కు దానికంటే ఎన్నో రెట్లు నయం. అయినా మొదటి వారం మాకు అది నయంగా కనిపించలేదు.

నిజం చెబుతాం. మొదటి రాత్రి గంట కూడా ఉంచుకోలేదు. ఎవరో ముఖం మీద చెయ్యి వేసి అదిమినట్టు అనిపించింది. రెండో రాత్రి నిద్రలోనే పీకి పడేశాం. మూడో రోజు దాన్ని సంచిలో కట్టి అటక మీద పెట్టాం. నెల జీతం దాటిన వస్తువు నాలుగు నెలలు అటక మీదే ఉంది. అప్పు తెచ్చి కొన్నది, అప్పుకు వడ్డీ కడుతూనే ఉన్నాం, నిద్రకు మాత్రం పాత దారే. మీలో ఎవరింట్లోనైనా ఇలా అటకెక్కి ఉంటే సిగ్గుపడవద్దు, దించండి.

తప్పు మాది కాదు, యంత్రానిదీ కాదు. మాస్కు కొలత తప్పు. దుకాణంలో కుర్చీలో కూర్చోబెట్టి, గాలి పెట్టకుండా, ఒక మాస్కు ముఖానికి ఆనించి “సరిపోయింది” అన్నారు. పడుకొంటే ముఖం మారుతుంది. చెంపలు జారతాయి, దవడ వెనక్కి పోతుంది. గాలి పెడితే మాస్కు అంచు ఉబ్బుతుంది. కాబట్టి కొలత చూడవలసింది పడుకొని, గాలి ఆడుతుండగా. కుడి పక్కకు, ఎడమ పక్కకు తిరిగి చూడాలి. పళ్ళ సెట్టు తీసి పడుకొనే వాళ్ళు సెట్టు తీసే కొలత ఇవ్వాలి. సెట్టుతో ఇచ్చిన కొలత రాత్రికి పనికిరాదు. ఇది మాకు ఎవరూ చెప్పలేదు, మూడో మాస్కు దగ్గర మేమే తెలుసుకొన్నాం.

మాస్కులు మూడు రకాలు. ముక్కు మీద మాత్రం కప్పేది ఒకటి. ముక్కు రంధ్రాల దగ్గర రెండు చిన్న మెత్తలు ఆనేది ఒకటి. ముక్కునూ నోటినీ కలిపి కప్పేది ఒకటి. నోరు తెరిచి నిద్రపోయే వాళ్ళకు మొదటి రెండింటిలో గాలి నోట్లోంచి బయటికి పోతుంది, పొద్దున నాలుక చెక్కలా ఎండుతుంది. వాళ్ళకు గడ్డం కింద పట్టీ గానీ, నోరు కలిపి కప్పే మాస్కు గానీ కావాలి. మాలో ఒకరికి పెద్ద మీసం. మీసం మీద మాస్కు అంచు ఆనదు, గాలి సర్రున పోతుంది. డాక్టరు మీసం తగ్గించమన్నాడు. మా వాడు ఒప్పుకోలేదు. చివరికి రంధ్రాల దగ్గర ఆనే మెత్తల రకం ఇచ్చారు, మీసమూ దక్కింది, నిద్రా దక్కింది. మీసం కోసం మాస్కు మార్చడం మాకు నవ్వులాటగానే ఉంది గానీ, ముఖానికి తగిన మాస్కు అడగడం మన హక్కు.

పట్టీల బిగువు గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. పడుగు మరీ బిగిస్తే దారం తెగుతుంది, వదులైతే నేత కుదరదు. గాలి కారుతోందని పట్టీ బిగించుకుంటూ పోయాం. ముక్కు దూలం మీద పుండు పడింది. అయినా గాలి కారడం ఆగలేదు, ఇంకా పెరిగింది. ఎందుకంటే మాస్కు అంచు గాలితో ఉబ్బి ముఖాన్ని పట్టుకోవాలి. బిగిస్తే అది నలిగి మడత పడుతుంది. పట్టీకీ చెంపకూ మధ్య వేళ్ళు సులువుగా దూరాలి. కారుతుంటే పట్టీ ముట్టవద్దు. మాస్కును ముఖం నుంచి అంగుళం ముందుకు లాగి, అంచు ఉబ్బనిచ్చి, మెల్లగా మళ్ళీ ఆనించండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు దీనితోనే కుదురుతుంది. పొద్దున లేచేసరికి కళ్ళు ఎర్రబడి మండుతుంటే రాత్రంతా గాలి కళ్ళలోకి పోయిందని గుర్తు. పుండు పడితే మాత్రం ఓర్చుకోకండి, వేరే రకం అడగండి.

ఇంకొక శత్రువు మన తల నూనె. తలకు కొబ్బరినూనె పట్టించి పడుకోవడం మనకు పుట్టినప్పటి నుంచి అలవాటు. ఆ నూనె నుదుటికి దిగి మాస్కు జారుతుంది, అంచు రబ్బరు త్వరగా పాడవుతుంది. నూనె పొద్దున పెట్టుకోండి. రాత్రి సబ్బుతో ముఖం కడుక్కొని, తుడుచుకొని అప్పుడు తగిలించండి. మాస్కు అంచును రోజూ మామూలు సబ్బు నీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టాలి. బ్లీచింగు, డెట్టాలు వద్దు. నోట్లో వక్క, తంబాకు పెట్టుకొని పడుకొనే వాళ్ళు దాన్ని ఉమ్మేసి నోరు పుక్కిలించాలి. లేకపోతే అది గొంతులో అడ్డం పడుతుంది.

ముఖాన్ని ఎవరో మూసినట్టు ఉండే భయం పోవడానికి మాకు పనికొచ్చింది ఒక్కటే ఉపాయం. నిద్రకూ మాస్కుకూ కొన్నాళ్ళు సంబంధం పెట్టుకోలేదు. సాయంత్రం టీవీ ముందు కూర్చొని, పట్టీలు వేయకుండా, చేత్తో ముక్కుకు ఆనించుకొని పది నిమిషాలు. మరునాడు పట్టీలతో. ఆపైన గాలితో. ఆపైన పడుకొని, మెలకువగా. బీడీల అక్క అయితే ఆకు కత్తిరిస్తూ మాస్కు పెట్టుకొని కూర్చొనేది. మనవలు ఏనుగు తొండం అని చుట్టూ తిరిగేవారు. పదిహేను రోజుల్లో దాంతోనే కునుకు పట్టింది. గాలి ఒత్తిడి తక్కువతో మొదలై మెల్లగా పెరిగే సదుపాయం చాలా యంత్రాల్లో ఉంటుంది, దాన్ని పెట్టించుకోండి. ఇక యంత్రం చప్పుడు సంగతి అడగవద్దు. సాంచాల మధ్య ముప్పై ఏళ్ళు బతికిన వాళ్ళకు అది చప్పుడా?

ఒక ప్రమాదం చెప్పాలి. మాస్కు ముందు భాగంలో సన్నని రంధ్రాలుంటాయి. అందులోంచి ఎప్పుడూ గాలి వస్తూ ఉంటుంది. మాలో ఒకరింట్లో, పాపం, డబ్బు పోసిన గాలి వృథాగా పోతోందని వాటి మీద ప్లాస్టరు అంటించారు. మనం వదిలిన చెడుగాలి బయటికి పోయే దారి అదే. అది మూస్తే వదిలిన గాలినే మళ్ళీ పీల్చాలి. తల దిమ్మెక్కి లేచాడు కాబట్టి సరిపోయింది. ఆ రంధ్రాలు ఎన్నడూ మూయవద్దు. కరెంటు పోతే మాస్కు తీసేయండి. నోరు కలిపి కప్పే రకంలో కరెంటు పోతే గాలి వచ్చే తలుపు ఒకటి ఉంటుంది గానీ, దాని మీద భరోసా పెట్టుకొని నిద్రపోనక్కరలేదు. కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతం బొత్తాలుంటాయి. మీకు గానీ, పక్కన పడుకొనే వారికి గానీ గుండెకు పేస్‌మేకరు ఉంటే అవి వద్దని ముందే చెప్పండి.

సాంచాలున్న ఇంట్లోనే కాపురం ఉండే వాళ్ళం మనలో చాలామందిమి. యంత్రం వెనక గాలి పీల్చే చోట చిన్న జల్లెడ ఉంటుంది. మామూలు ఇళ్ళలో నెలకు నల్లబడేది మన ఇంట్లో వారానికే దూదితో మూసుకుపోతుంది. వారం వారం తీసి చూడండి. యంత్రాన్ని నేల మీద పెట్టకండి, పీట మీద పెట్టండి, మంచం కంటే ఎత్తున వద్దు. తేమ కోసం నీళ్ళు పోసే డబ్బాలో బోరు నీళ్ళు పోస్తే సున్నం పేరుకుంటుంది, మందుల దుకాణంలో దొరికే డిస్టిల్డు నీళ్ళు పోయాలి. ముక్కు దిబ్బడ వేస్తే ముందు దాన్ని చూపించుకోండి. మూసుకున్న ముక్కులోకి ఏ యంత్రమూ గాలి ఎక్కించలేదు.

కొత్తది కొనలేక పాతది కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన యంత్రాలు చాలావాటిని వెనక్కి పిలిచింది. లోపలి నురుగు పదార్థం పొడిపొడి అయి గాలితో పాటు లోపలికి పోయే ప్రమాదం ఉందని. అటువంటివి బజారులో చేతులు మారే వీలుంది. నంబరు చూపించి విచారించకుండా కొనవద్దు. యంత్రం పాతదైనా మాస్కు మాత్రం కొత్తదే కావాలి, మీ కొలతకే కావాలి. ఇ.ఎస్.ఐ. ఉన్నవాళ్ళు ముందు డిస్పెన్సరీలో చెప్పి నిద్ర పరీక్షకు పై ఆసుపత్రికి రాయించుకోండి. అది లేనివాళ్ళు అద్దెకు తెచ్చుకొని, మాస్కు కుదిరిందని తేలాకే కొనండి. మేము ఆ పని చేయక నష్టపోయాం.

రాత్రి పాళీ చేసే తమ్ముళ్ళు మమ్మల్ని అడుగుతున్నారు, రాత్రి పడుకోం కదా, మాకెందుకని. పగలు పడుకొన్నా అదే గొంతు, అదే నాలుక. ఎప్పుడు పడుకొంటే అప్పుడు పెట్టుకోవాలి, మధ్యాహ్నం కునుకుక్కూడా.

ఇక కార్ఖానాల సంగతి. పనిలో కునికిన మనిషిని తాగుబోతు అనే ముందు, కూలి కోసే ముందు డాక్టరు దగ్గరికి పంపాలని మేము అడుగుతున్నాం. ఈ మాట యూనియన్ తరఫున రాసి ఇవ్వమని పెద్దల్ని కోరుతున్నాం. పరీక్షలో ఏమీ లేదని తేలితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఆ ముకద్దం మాట పడ్డ మనిషికి యంత్రం పెట్టిన మూడో నెలలో డ్యామేజీ ఒక్కటీ లేదు. ముకద్దం మాత్రం ఇంతవరకు తన మాట వెనక్కి తీసుకోలేదు.

వచ్చే ఆదివారం పది గంటలకు మేము నలుగురం యూనియన్ ఆఫీసులో ఉంటాం. అటక మీద ఉన్న యంత్రాలు, కుదరని మాస్కులు తీసుకొని రండి. యంత్రంలో నీళ్ళుంటే పారబోసి తెండి, లేకపోతే దారిలో ఒలికి లోపలికి పోతాయి. ఒత్తిడి అంకె మేము ముట్టుకోం, అది డాక్టరు పని. పట్టీలు సరిచేయడం, పడుకోబెట్టి చూడడం మా పని. ఇంటావిడను కూడా తీసుకురండి, మీ గురక సంగతి మీకంటే ఆమెకే బాగా తెలుసు. చాపలు, దిండ్లు మేము తెస్తాం.