పాటగాని బువ్వ సంగతి

(జనగామ, మానుకోట, భూపాలపల్లిలలో యువ కళాకారులు, విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మూడు ఊర్లల్ల ఇదే ముచ్చట మాట్లాడుతున్నం. మూడు ఊర్లల్ల పిల్లలు అడుగుతున్నది కూడా ఒక్కటే. సొంతంగ పాట రాసుకొని, సొంత బాణీ కట్టుకొని, సొంత గొంతుతోని పాడుకుంట బతకొచ్చునా? ఏ పార్టీ జెండా మోయకుంట, ఏ సర్కారు జీతం తీసుకోకుంట, ఏ ఛానెలోని దయ మీద ఆధారపడకుంట బతకొచ్చునా? ఇంట్ల అమ్మనాయిన ఇదే అడుగుతరు, కాకపోతే కొంచెం కోపంగ అడుగుతరు.

రాసి, బాణీ కట్టి, పాడేటోన్ని మనం వాగ్గేయకారుడంటం. సినిమాల రాసేటోడు వేరు, బాణీ కట్టేటోడు వేరు, పాడేటోడు వేరు. మన దగ్గర మూడూ ఒక్కనివే. ఈ మట్టికి అది కొత్త కాదు. పాల్కురికి సోమన మన పాలకుర్తోడే. పండితులు సంస్కృత వృత్తాలు పట్టుకొని ఊగుతుంటే ఆయన జనం నోట్ల నలిగే ద్విపద పట్టుకున్నడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు జనం పాడుకుంటుండ్రని తన కావ్యంల రాసిపెట్టిండు. పక్కనే బమ్మెర. పోతన భాగవతాన్ని రాజుకు అంకితం ఇయ్యనన్నడు, నాగలి పట్టి ఎవుసం చేసుకున్నడని మన తాతలు చెప్పుకుంట వచ్చిండ్రు. ఆ కథల అసలు ముచ్చట భక్తి ఒక్కటే కాదని మా నమ్మకం. బువ్వ నాగలి దిక్కు నుంచి వచ్చింది కాబట్టే రాజును కాదనే ధైర్యం వచ్చింది.

మన కాలపు వాగ్గేయకారులను చూడుండ్రి. గద్దరన్న కెనరా బ్యాంకుల గుమాస్తాగ పనిచేసి 1984ల రాజీనామా చేసిండు. గూడ అంజన్న సర్కారు దవాఖానల ఫార్మసిస్టు. గోరటి వెంకన్న సహకార శాఖ ఉద్యోగి, 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నడు. అందెశ్రీది జనగామ పక్కన రేబర్తి. బడి మొకం చూడలేదు, పసులు కాసిండు, తాపీ పని చేసిండు. ఆయన పాట 2024ల రాష్ట్ర గీతమైంది, 2025 నవంబర్ 10న ఆయన కాలం చేసిండు. మానుకోట గుమ్ముడూరు బిడ్డ జయరాజన్నకు 2023ల కాళోజీ పురస్కారం వచ్చింది. వీళ్లల్ల ఎవ్వరికీ మొదటి రోజుల్ల పాట బువ్వ పెట్టలేదు. వేరే పని బువ్వ పెట్టింది, పాట పేరు పెట్టింది.

మరి పాట జీవనం ఎన్నడూ కాలేదా అంటే, అయింది. ఒగ్గు కథ చెప్పేటోల్లకు, శారద కథ చెప్పేటోల్లకు, తమ తమ కులాలను అడుక్కునే ఆశ్రిత కళాకారులకు ఊర్లు పంచుకొని ఉండేటియి. ఏడాదికోసారి వస్తే గింజలు, బట్టలు, మేకపిల్ల ఇచ్చేది. కడుపు నిండేది గాని అండ్ల స్వేచ్ఛ లేదు. దాత కులం గొప్పే పాడాలె. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఆ ఒగ్గు కథను మల్లన్న పట్నాల నుంచి దేశం వేదికల మీదికి తీసుకపోయిండు, 2017ల కన్నుమూసిండు. ఆ దారి ఇప్పుడు సన్నబడ్డది. ధాన్యం కొలిచి ఇచ్చే కల్లాలే లేవు.

ఇగ ఉద్యమం కాడికి వద్దాం. 2002ల కామారెడ్డిల ధూంధాం మొదలైన కాడ్నుంచి సభ అంటే ముందు పాట, ఆ తర్వాత మాట. 2010 మే 28న మానుకోట స్టేషన్ల రాళ్లు లేచిననాడు కూడా నినాదం వెనుక పాట ఉన్నది. సకల జనుల సమ్మెల 42 రోజులు ఉద్యోగులకు జీతం లేకుంటే, ఆ శిబిరాలల్ల పాడిన కళాకారునికి జీతమన్న మాటే లేదు. అర్ధరాత్రి సభ ముగిసినంక డప్పు చంకన పెట్టుకొని లారీ ఎక్కిన పాటగాడు తెల్లారి ఏం తిన్నడని అడిగిన నాయకులు తక్కువ.

రాష్ట్రం వచ్చినంక సాంస్కృతిక సారథి పెట్టిండ్రు. వందల మంది కళాకారులకు నెలజీతం వచ్చింది. పిల్లలు బడికి పోయిండ్రు, కిరాయి ఇల్లు దొరికింది. దాన్ని ఎక్కిరించేటోల్లం కాదు మేం. కాని అదే గొంతు పథకాల ప్రచారానికి పోయింది, నిలదీసే పాట బంద్ అయింది. తర్వాత వచ్చిన సర్కారు 2024 డిసెంబర్‌ల తొమ్మిది మంది కవులకు, ఉద్యమకారులకు తలా కోటి రూపాయలు, మూడు వందల గజాల జాగ ప్రకటించింది. మంచిదే. కాని సన్మానం వేరు, కూలి వేరు. కిన్నెర మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది, సర్కారు కోటి రూపాయలు ప్రకటించింది. 2024ల ఆయన కూలి పనికి పోతున్నడని పత్రికలల్ల చదివినం. ఒక్కసారి వచ్చే కోటి కంటె, నెలనెలా వచ్చే పది వేలు పాటగానికి ఎక్కువ ధైర్యం ఇస్తది.

ఆ నెలనెలా వచ్చేది ఏడికెల్లి వస్తది? ఇదే ఇయ్యాల చెప్పాల్సిన అసలు ముచ్చట.

బతుకమ్మ సీజన్ల, మేడారం జాతర ముందు, పెండ్లిల్ల కాలంల యూట్యూబుల జానపదాలు కుప్పలుగ వస్తున్నయి. పాడిన పిల్లకు ఒక్కసారి కొంత పైస ఇస్తరు, రాసినోనికి ఇంకింత తక్కువ ఇస్తరు, కాగితం మీద సంతకం పెట్టించుకుంటరు. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల నాలుగు వేల గంటల వీక్షణ దాటినంక ప్రకటనల పైసల్ల నూటికి యాభై ఐదు రూపాయలు ఛానెల్ ఖాతాకు వస్తయి. ఛానెల్ ఎవనిదో పైస వానిది. పాట కోట్ల మంది చూసినా పాడిన పిల్ల ఖాతాల పడేదేం లేదు. కాబట్టి సొంత ఛానెల్ పెట్టుండ్రి. చిన్నదైనా సరే. నలుగురు కలిసి పెట్టుకుంటే ఇంకా మంచిది, కాని ఎవని వాటా ఎంతో ముందే రాసుకోండ్రి. దోస్తానాల లెక్క అడుగుడు కష్టం.

కాపీరైట్ చట్టాన్ని 2012ల సవరించిండ్రు. పాట రాసినోడు, బాణీ కట్టినోడు రాయల్టీల తమ వాటాను సంతకం పెట్టి వదులుకున్నా ఆ వదులుకునుడు చెల్లదు. హక్కులు రాసిచ్చే కాగితంల గడువు రాయకుంటే ఐదేండ్లే. ఏ జాగల చెల్లుతదో రాయకుంటే మన దేశం వరకే. నోటిమాట మీద హక్కులు పోవు, సంతకం ఉండాలె. పాడినోనికి కూడా వేరే హక్కు ఉన్నది. పాట వ్యాపారానికి వాడుకుంటే వచ్చేదాంట్ల వాటా అడగొచ్చు. కవులకు, బాణీకారులకు రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్ సంస్థ బొంబాయిల ఉన్నది. సినిమా కవులే అండ్ల చేరాలని రూలేం లేదు.

ఇంకో గోస ఉన్నది. నాట్లేసే అవ్వ పాడిన పాటను ఫోన్ల రికార్డు చేసుకొని పోయి, అటో మాట ఇటో మాట మార్చి 'లిరిక్స్' అని తన పేరు వేసుకునేటోల్లు మోపైండ్రు. పల్లె పాట అందరిదే. కాని అందరిదాన్ని ఒక్కడు తన పేర ఎక్కించుకుంటే అది దొంగతనమే. ఏ ఊర్ల, ఎవరి నోట విన్నరో పాట కింద రాయుండ్రి. ఆ అవ్వకు నాట్ల కూలంత అయినా చేతుల పెట్టుండ్రి.

ఎలక్షన్ల పాటలు రాయాల్నా వద్దా అని భూపాలపల్లిల ఒక తమ్ముడు అడిగిండు. వాళ్ల నాయినది బాయి పని. రాయి తమ్మీ, కడుపు కోసం రాస్తే పాపం లేదు. కాని పైసలు ముందు తీసుకో, నీ సొంత పాటల బాణీ మాత్రం అండ్ల పెట్టకు. ఆ బాణీ రేపు ఏ జెండాదో అయిపోతది, నువ్వు నీ ఊర్ల పాడుకుంటే నలుగురు నవ్వుతరు.

నౌకరి ఇడిసిపెట్టి పాటల దుంకుమని మేం ఎవ్వరికీ చెప్పం. టీచరయినా, సింగరేణి కార్మికుడయినా, ఆటో నడిపినా, రెండు మూడేండ్లు లెక్క రాసుకోండ్రి. పాట మీద వచ్చిన ప్రతి రూపాయి ఏడికెల్లి వచ్చిందో రాయుండ్రి. ఆ లెక్క ఇంటి ఖర్చుకు సరిపోయిననాడు ఆలోచన చేయుండ్రి. ఇక్కడ కూసున్న ఉద్యోగ సోదరులకు ఒక మాట. మీ పదవీ విరమణ సన్మానానికి పాటగాన్ని పిలిస్తే శాలువ తోటి పాటు కవరు కూడా పెట్టుండ్రి. టెంటోనికి ఇస్తలేరా, మైకోనికి ఇస్తలేరా?

ఛానెళ్ల తోటి రాసుకున్న కాగితాలు ఎవరి దగ్గరన్నా ఉంటే సభ అయినంక పట్టుకరాండ్రి. వకీలు మిత్రులు ఇద్దరు ముందు వరుసల కూసున్నరు, పైస తీసుకోకుంట చదివి చెప్తరు.