బొద్దుగా వుంటే ముద్దేనా?



నేను ఈ రోజు చెప్పబోయే విషయం వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. పాలమూరు పిల్లలు లావెక్కడం గురించి ప్రసంగమా అని! కరువుకూ వలసకూ పేరుపడిన నేల మనది. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు వేరు జిల్లాలయినా ఆ జ్ఞాపకాలు పోలేదు. దూరదేశాలకు మట్టిపనికి పోయి పిల్లలను సాకిన ముసలమ్మలు ఇంకా మన ఇళ్ళలో వున్నారు. అర్ధాకలితో పెరిగిన ఆమె కంటికి బొద్దుగా వున్న మనవడే బాగున్న మనవడు. "ఎముకలు తేలిన పిలగాండ్లను సూసినం బిడ్డా, తింటే తిననియ్యి" అంటుంది. ఆ మాటకు ఎదురుచెప్పడానికి నాకు నోరు రాదు.

కాని తిండే మారిపోయింది గదా! ఆనాడు ఆమె ప్రేమ జొన్నరొట్టెగా, గుప్పెడు పల్లీలుగా పిల్లవాడి చేతికి వచ్చేది. ఈనాడు అదే ప్రేమ చిప్స్ పొట్లంగా, క్రీము బిస్కట్లుగా, కూల్‌డ్రింకుగా వస్తున్నది. రోజు మొత్తం మీద కలుపుకునే చక్కెర 25 గ్రాములు మించకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఒక పావులీటరు కోలాలోనే దాదాపు అంత చక్కెర, అంటే అయిదు చెంచాలు వుంటుంది. మన చేత్తో పాలలో అయిదు చెంచాలు వేస్తామా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అయిదేళ్ళలోపు పిల్లలలో అధిక బరువున్నవారు 2015-16లో నూటికి 2.1 మంది. 2019-21 నాటికి 3.4కు పెరిగారు. అదే సర్వేలో తెలంగాణాలో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివారు. అంటే ఒకే వాడలో ఒక బిడ్డ తిండి చాలక, ఇంకో బిడ్డ పనికిరాని తిండి ఎక్కువై బాధపడుతున్నారన్న మాట. ప్రపంచం మొత్తంమీద 5 నుంచి 19 ఏళ్ళ పిల్లలలో తక్కువ బరువున్నవారికంటే ఊబకాయం వున్నవారే ఎక్కువయ్యారని 2025లో యునిసెఫ్ ప్రకటించింది.

"పెద్దయితే అదే కరిగిపోతుంది లెండి" అంటారు. చాలామందిలో కరగదు. పెద్దలకే వస్తుందనుకున్న చక్కెర జబ్బు, కాలేయంలో కొవ్వు ఇప్పుడు బడి వయసులోనే కనబడుతున్నాయి. అలాగని ఎదిగే పిల్లల కడుపు మాడ్చకండి. "బొండాం" అని నలుగురిలో ఎగతాళి అసలే చేయకండి. ఆ మాట విన్న పిల్ల ఆటకు బయటికి రాదు, చాటుగా తింటుంది. బరువు ఒక్కటే చూస్తే చాలదు, ఎత్తుతో పోల్చి చూడాలి. చిన్నపిల్లలకు అంగన్‌వాడీలో ఆ లెక్క వేస్తారు. చాలా సందర్భాల్లో బరువు పెరగకుండా నిలబెడితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ ఒళ్ళు సర్దుకుంటుంది.

అయితే ఇది ఒక్క ఇల్లాలి వల్ల అయ్యే పని కాదు. మీరు కొననంటే పిల్లవాడు పక్కింట్లో తింటాడు. ఫ్రాన్సు దేశంలో ఫ్లోర్‌బే, లావంతీ అనే రెండు చిన్న ఊళ్ళున్నాయి. 1992లో అక్కడ బడిలో తిండి పాఠాలతో మొదలుపెట్టి, తరవాత డాక్టర్లనూ దుకాణదారులనూ ఊరిపెద్దలనూ కలుపుకున్నారు. మొదటి ఏళ్ళలో ఫలితమే లేదు. అయినా విడిచిపెట్టలేదు. 2004 నాటికి అక్కడ అధిక బరువు పిల్లలు నూటికి 9 మందిలోపే. పోల్చి చూసిన ఇతర ఊళ్ళలో దాదాపు 18 మంది! గద్వాల కంటే చిన్న ఊళ్ళండీ అవి.

మన వాడలో పదిమంది ఆడవాళ్ళం ఒక మాట అనుకోలేమా? సాయంత్రం నాలుగింటికి ఎవరింటికి ఏ పిల్ల వచ్చినా పొట్లం విప్పకూడదని. సీజనులో గద్వాల, వనపర్తి మార్కెట్లకు బస్తాలకొద్దీ పల్లీలు దిగుతాయి. మన గడపలో పండే ఆ పంటను వదిలి పామాయిలులో వేగిన పొట్లానికి పది రూపాయలు ఇస్తున్నాం! గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలు, ఒక జామకాయ చాలు. పల్లీలలో నూనె ఎక్కువ కనుక గుప్పెడే సుమా. మరీ పసివాళ్ళకు గింజలు గొంతులో అడ్డం పడతాయి, పొడికొట్టి పెట్టండి.

బడిలోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020లోనే కేంద్రం నిబంధన చేసింది. ఎంతమంది తల్లులకు తెలుసు? ఆ గేటు దగ్గర బండివాడితో పోట్లాడమనను, అతనిదీ పొట్టకూటి బాధే. ఉడికించిన మక్కకంకులు, జామకాయలు పెట్టుకుంటే మేమే కొంటామని చెప్పి చూడండి.

ఇక ఆట. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున గంటసేపయినా ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. చిర్రగోనె, తొక్కుడుబిళ్ళ, ఖోఖో... వీటికి పైసా ఖర్చు లేదు, జాగా కావాలి. వీధినిండా మోటారు సైకిళ్ళు, బడి వదలగానే మైదానానికి తాళం! నాగర్‌కర్నూలు వాళ్ళకు కేసరి సముద్రం కట్ట వుంది. అది లేనివాళ్ళు నలుగురు కలిసి హెడ్మాస్టరు గారి దగ్గరకు వెళ్ళండి. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా గేటు తీయమని, వంతులవారీగా ఇద్దరు తల్లులం కూర్చుంటామని చెప్పండి. ఆడపిల్లలను కూడా పంపండి. పన్నెండేళ్ళు రాగానే వాళ్ళను గడప లోపలే వుంచేస్తున్నాం.