నేల లోపలి పొరలను చూపు రాడారు



పైన పంట కంటికి కనబడును గాని, దానికి ఆధారమైన లోపలి పొరలు కనబడవు. నాగటి చాలు కింద గట్టి పొర ఏర్పడినదా? మొరము ఎంత లోతున తగులును? వెనుక పూడ్చిన మురుగు గొట్టాలు ఏ దారిన పోయినవి? ఇవి తెలియుటకు గోతులు తీయుచున్నాము. ఎకరమునకు రెండు గోతులు తీసినను వాటి నడుమనున్న నేలను ఊహించవలసినదే. ఈ ఊహను తగ్గించు సాధనమే భూగర్భ రాడారు.

ఇది రేడియో తరంగాలను నేలలోనికి పంపును. ఒక పొర ముగిసి వేరు పొర మొదలగుచోట తరంగములో కొంత భాగము వెనుకకు మరలును. అది తిరిగి వచ్చుటకు పట్టిన కాలాన్ని యంత్రము కొలుచును. పరికరమును నేలపై ఈడ్చుకొని పోయినను, జీపు వెనుక కట్టి నడిపినను, సెకనుకు వేలకొలది తరంగాలు పోయి వచ్చును. నడచిన దారి పొడవునా పొరల పటము అప్పటికప్పుడే తెరపై కనబడును. 1970ల చివరనే అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు ఇసుక నేలల సర్వేకు దీనిని వాడిరి.

అయితే యంత్రము కొలుచునది కాలమే గాని లోతు కాదు. సెకనును నూరు కోట్ల భాగాలు చేసిన అందొక భాగములో ఈ తరంగము పొడి ఇసుకలో సుమారు 15 సెంటీమీటర్లు పోవును. బాగా తడిసిన నేలలో 6 సెంటీమీటర్లే పోవును. తరంగము 20 భాగాలలో పోయి వచ్చినదనుకొనుడు. పోవుటకు 10, వచ్చుటకు 10. పొడి ఇసుకలోనైన ఆ పొర 150 సెంటీమీటర్ల లోతున, తడి నేలలోనైన 60 సెంటీమీటర్ల లోతుననే ఉన్నదన్నమాట. కాబట్టి పటములో పొర స్పష్టముగా కనబడినచోట ఒక గోయి తీసి, అసలు లోతు కొలిచి, లెక్క సరిచూచుకొనవలెను. రాడారు వచ్చినను గడ్డపారకు పని తప్పదు.

రెండవ సంగతి. ఇసుక నేలలలో ఈ తరంగము చాలా మీటర్లు దిగును. తడిసిన రేగడిలోను, చౌడు నేలలలోను బంకమన్ను, ఉప్పు దానిని మింగివేయును. ఒక మీటరైనను దిగక పోవచ్చును. అట్టిచోట తెరపై ఏమియు కనబడనంత మాత్రమున లోపల ఏమియు లేదని తలచరాదు.

ముఖ్యముగా ఒక హెచ్చరిక. వందల అడుగుల బోరులో ఎంత నీరు పడునో ఈ యంత్రము చెప్పజాలదు. అట్లు చెప్పి రుసుము అడుగువారిని నమ్మి అప్పు చేయకుడు. పరీక్ష చేయించబోవు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు: మా నేలలో ఇది ఎంత లోతు చూడగలదు? లోతును ఏ గోతితో సరిచూచెదరు? పటము మాకు ఇచ్చెదరా? వీటికి సూటియైన జవాబు వచ్చిననే డబ్బు చెల్లించుడు.