మాటలు లేని తెర మీద జుబేదా



హక్కుల సభలో సినిమా నటి ప్రస్తావన ఏమిటని కొందరు పెద్దలు ముందే మమ్మల్ని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జీవితమంతా గుమాస్తా పని చేసిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. దస్త్రంలో పేరు లేని మనిషికి ఏ కార్యాలయంలోనూ ఉనికి లేదు. మన స్త్రీల విషయంలో ఆ దస్త్రాన్ని మనమే మూసివేశాం.

1913లో ఫాల్కే గారు ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు తారామతి వేషానికి స్త్రీ దొరకలేదు. సాలుంకే అనే పురుషుడు ఆ వేషం కట్టాడు. పదేళ్లు నిండకముందే, 1922లో, ఉర్దూ నాటకరంగం నుంచి ఫాత్మా బేగం ‘వీర్ అభిమన్యు’తో తెర మీదికి వచ్చారు. 1926లో ‘బుల్‌బులె పరిస్తాన్’కు దర్శకత్వం వహించారు. దేశంలో తొలి మహిళా దర్శకురాలు ఆమేనని చరిత్రకారులు చెబుతారు. సుల్తానా, జుబేదా, షెహజాదీ అనే ముగ్గురు కుమార్తెలూ నటీమణులే.

జుబేదా 1911లో సూరత్‌లో జన్మించి, చిన్ననాడే మూకీలలో ప్రవేశించారు. నటి కంఠం ప్రేక్షకునికి వినపడని కాలమది. కోపమైనా కన్నీరైనా కళ్లతో, చేతులతోనే చెప్పాలి. 1927లో టాగూరు నాటకం ఆధారంగా వచ్చిన ‘బలిదాన్’లో సులోచనతో కలిసి నటించారు. టాకీ వచ్చాక హిందుస్తానీ సరిగా పలకలేని తారలు ఇబ్బంది పడ్డారు. సులోచన అంతటి నటి కొంతకాలం నటన మాని భాష నేర్చుకోవలసి వచ్చింది. జుబేదాకు ఆ బెంగ లేదు. ఇంటి భాషే ఆమెకు అన్నం పెట్టింది. ఉర్దూ బడికి పిల్లలను పంపడానికి సంకోచించేవారు ఈ మాట కాస్త ఆలోచించాలి.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలైన తొలి టాకీ ‘ఆలం ఆరా’కు ఆమే నాయిక. అందులో చిన్న వేషం వేసిన యువకుడు మన ఏలూరు పక్క సోమవరప్పాడు వాడే. తరువాత ఎల్.వి. ప్రసాద్‌గా దేశమంతా ఎరిగినవాడు. ఆయన పేరు మనకు తెలుసు, ఆమె పేరు తెలియదు.

హైదరాబాదుకు చెందిన మహారాజ్ నర్సింగిర్ ధన్‌రాజ్‌గిర్‌ను ఆమె వివాహమాడారు. 1988లో కన్నుమూశారు. ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటీ నేడు మిగలలేదు.

తెర మీది మనిషి గతే ఇదైతే, ఏలూరులో తివాచీ మగ్గాల వద్ద ముడులు వేసిన మన నాయనమ్మల సంగతేమిటి? కొల్లేటి చేపల షెడ్లలో ఐసు మధ్య నిలబడే చెల్లెళ్ల సంగతి, తాడేపల్లిగూడెంలో కుట్టుమిషను తొక్కి బిడ్డలను చదివించిన తల్లుల సంగతి ఎక్కడ రాసి ఉంది?

ద్వారం వద్ద ఒక రిజిస్టరు ఉంచాం. మీ దాదీ, నానీ పేరు, ఊరు, చేసిన పని అందులో రాయండి. ఫలానా వారి భార్య అని కాదు, స్వంత పేరే రాయాలి. రాయలేనివారు చెబితే చాలు, మేము రాసిపెడతాం.