మార్పు చేపకు వానాకాలపు నీళ్లు కావాలి



కలకత్తాలో ఉంటున్న తెలుగువారికి మాగుర్ కొత్త చేప కాదు. మన వైపు మార్పు అంటారు. జబ్బుపడి లేచినవాళ్లకు ఇక్కడి ఇళ్లలో పల్చటి మాగుర్ పులుసు పెడతారు. బజారులో తొట్టి నిండా ప్రాణాలతో కదులుతుంటే దీనికేం కొరత అనిపిస్తుంది. కానీ 1822లో హామిల్టన్ తన గంగానది చేపల గ్రంథంలో వర్ణించిన ఈ చేపను ఈనాడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది.

ఇంత మొండి చేపకు ముప్పేమిటి? దీని మొప్పల పైభాగంలో చెట్టుకొమ్మల్లా చీలిన అవయవం ఉంది. నీటిపైకి వచ్చి మింగిన గాలిలోంచి అది ప్రాణవాయువు తీసుకుంటుంది. అందుకే మురుగులోనూ బురదలోనూ బతుకుతుంది. ఒళ్లు తడిగా ఉంటే రొమ్ము రెక్కల ముళ్ల ఆసరాతో నేలమీద పాకి పక్క గుంటకు చేరగలదు.

బతకడం వేరు, సంతతి నిలవడం వేరు. వానలు పడ్డాక వరిమళ్లలోకీ లోతులేని గుంటల్లోకీ ఎక్కి, అక్కడ గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. మగచేప కాపలా కాస్తుంది. హేచరీలోనేమో వీర్యం కోసం మామూలుగా మగచేపను చంపవలసి వస్తుంది. అందుకే పెంపకానికి చేపపిల్ల దొరకడం కష్టం. ఆ కొరతలోనే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ 'థాయ్ మాగుర్' పేరుతో చొరబడింది. మన మార్పు మహా అయితే అడుగున్నర. అది మీటరు దాటి పెరుగుతుంది, సాటి చేపల్ని మింగేస్తుంది. కేంద్రం నిషేధించినా తెలుగు జిల్లాల్లో సైతం దాన్ని దొంగచాటుగా పెంచుతున్నారు.

మరి మార్పుకు కావలసిన నీటికి రక్షణ ఉందా? తూర్పు కలకత్తా చిత్తడి నేలలు 12,500 హెక్టార్లు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కాయి. వాటి బయట ఉన్న గుంటలకు ఇక్కడి రాష్ట్ర మత్స్యచట్టం అండ ఉంది: ఏడాదిలో ఆరు నెలలు నీరు నిలిచే, 5 కాఠాలు, అంటే సుమారు 400 చదరపు గజాలు, లేదా అంతకు మించిన గుంటను పూడ్చకూడదు. మంచి చట్టమే. అయితే మార్పు గుడ్లు పెట్టే మళ్లలో చాలావాటిలో నీరుండేది మూడు నాలుగు నెలలే. ఎండాకాలంలో కొలిస్తే అవి వట్టి మెరక.

కాబట్టి నీటివనరుల జాబితా రాసేవాళ్లు శ్రావణ భాద్రపదాల్లో వచ్చి చూసి రాయాలి. ఇక్కడ మీ కౌన్సిలర్‌నీ, మన ఊళ్లలో సర్పంచ్‌నీ ఈ మాట అడగండి. థాయ్ మాగుర్ కొనకండి. పొలం నీళ్లు నిలిస్తేనే మార్పు నిలుస్తుంది.